వాన రోడ్డుకు నాలుగు టైర్లు

చిట్టి కారు నడపడం నేర్చుకున్నది సరదాపడి కాదు. కోపంతో నేర్చుకుంది.

ఆమె అన్నయ్య ఉద్యోగమంతా లేతు మెషిన్ ముందు నిలబడి ఇనుము చెక్కిన మనిషి. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఎక్కాలంటే కూర్చోవడం కాదు, దాదాపు పడుకోవాలి. ఎవరో షెడ్డులో పడేసి వదిలేసినదాన్ని తెచ్చుకుని, సెలవు రోజులన్నీ దాని కిందే గడిపి, ఏళ్ళ తరబడి బాగుచేసుకున్నాడు. తీరా అది రోడ్డెక్కి పరుగందుకునేసరికి ఆయన చూపు పోవడం మొదలైంది. ముందు పక్కలు చీకటయ్యాయి, తర్వాత మధ్యలో మిగిలిన కాస్త వెలుగూ ఆరిపోయింది.

పలకరించడానికని వచ్చిన బంధువులు టీ కప్పులు కింద పెట్టకముందే కారు బేరం సంగతి ఎత్తారు. "చూపులేని మనిషికి అంత కారెందుకమ్మా?" అని ఒక పెద్దాయన అననే అన్నాడు, అన్నయ్య ఎదురుగా కూర్చుని ఉండగానే. అన్నయ్య కుర్చీ చెయ్యి అంచుని బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. అది చూసి చిట్టికి ఒళ్ళు మండిపోయింది.

"కారు అన్నయ్యది. నడిపేది నేను," అంది.

అప్పటికి ఆమెకి స్కూటర్ నడపడం కూడా రాదు. యాభైకి దగ్గరపడిన మనిషి. బజారు వీధిలో కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టే చిన్న షాపు ఆమెది. వదిన వంటింట్లోంచి తొంగిచూసి, "చిట్టీ, మీ అన్నయ్యకి పెద్ద ఇన్సూరెన్స్ చేయించాకే ఎక్కించుకో," అంది. అందరూ నవ్వారు. చిట్టి నవ్వలేదు. మర్నాడే డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

డ్రైవింగ్ స్కూల్ కారు తప్పులు చేస్తే ఊరుకుంటుంది. ఈ ఎర్ర కారు ఊరుకోదు. క్లచ్ రాయిలా ఉండేది. యాక్సిలరేటర్ మీద కాలు వేలెడు ఎక్కువ నొక్కితే వెనక చక్రాలు కస్సుమనేవి. పక్కసీట్లో అన్నయ్య చెప్పులు విప్పేసి, అరికాళ్ళు నేలకి ఆనించి, తల కాస్త వంచి కూర్చునేవాడు. "గేరు మార్చవే, ఇంజన్ ఏడుస్తోంది, వినపడట్లా?" అనేవాడు. అలా తిట్లు తింటూ, ఎదురు తిడుతూ నేర్చుకుంది. తర్వాత ప్రతి ఆదివారం ఉదయం ఇద్దరూ రిజర్వాయర్ పక్కనుంచి కొండ మీదికి వెళ్ళి రావడం అలవాటైంది. ఆ రోడ్డు మీద అన్నయ్య మళ్ళీ మునుపటి మనిషి అయ్యేవాడు.

ఆయన పెట్టిన నియమం ఒకటి ఉంది. మబ్బు పడితే కారు బయటికి తీయకూడదు. తుప్పు భయం కాబోలు అనుకుంది చిట్టి. అసలు కారణం టైర్లని ఆమెకి తెలీదు.

ఆ టైర్లు అన్నయ్య చూపున్న రోజుల్లో ఏరి కొనుక్కున్నవి. రేసు టైర్లకి వేలు విడిచిన చుట్టాలు. మీద చెక్కిన గాళ్ళు నామమాత్రం, రబ్బరంతా మెత్తటి జిగురు. పొడి రోడ్డు మీద, వేడెక్కాక, బల్లిలా పట్టుకుంటాయి. నీళ్ళు తగిలితే మాత్రం ఆ నీళ్ళు పోవడానికి దారుండదు. పైగా ఏళ్ళు గడిచి, ఆ మెత్తటి రబ్బరు కూడా గట్టిపడింది.

ఆ ఆదివారం తెల్లగా ఎండ కాస్తుండగానే బయల్దేరారు. తిరిగొస్తుంటే కొండ వెనకనుంచి మబ్బు చెప్పాపెట్టకుండా వచ్చి మీద పడింది. అద్దం మీద మొదటి చినుకు టప్పుమనగానే అన్నయ్య నిటారుగా కూర్చున్నాడు.

"చిట్టీ, వానా?"

"తుంపరేలే అన్నయ్యా."

"మెల్లిగా పోనీ. ఇంకా మెల్లిగా."

ఆయన గొంతులో ఆ వణుకు ఆమె ఎప్పుడూ వినలేదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. మలుపులో తిప్పింది. ముందు భాగం తిరిగింది, వెనక భాగం తిరగలేదు. ఎవరో కారు తోక పట్టుకుని ఈడ్చినట్టు పక్కకి లాగేసింది. కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోయింది.

"బ్రేక్ తొక్కకు! ఎటు పోవాలో అటే తిప్పు!" అని అరిచాడు అన్నయ్య.

తిప్పింది. కారు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగి, రోడ్డుకి అడ్డంగా నిలబడింది. ఇంజన్ ఆగిపోయింది. ఆమె వైపు కిటికీలోంచి చూస్తే మలుపు తిరిగే రోడ్డు అంచు రాళ్ళు, వాటి కింద నీళ్ళు. అన్నయ్య వైపు కిటికీలోంచి చూస్తే, హెడ్‌లైట్లు వేసుకుని ఎగువనుంచి దిగుతున్న బస్సు.

తాళం తిప్పింది. అందుకోలేదు. బస్సు హారన్ మోగుతూనే ఉంది. అన్నయ్య అటు తల తిప్పలేదు. "క్లచ్," అన్నాడు, అంతే. చిట్టి క్లచ్ మొత్తం నొక్కి మళ్ళీ తిప్పింది. ఇంజన్ గర్జించింది. ఊపిరి బిగబట్టి, నూలు పోగు లాగినంత మెల్లిగా కాలు వదిలింది. కారు జారుతూ, పట్టుకుంటూ అంచు పక్కకి చేరింది. బస్సు అద్దాలు వణికేంత దగ్గరగా దాటిపోయింది. డ్రైవర్ ఏదో తిట్టాడు. తిట్టాల్సిందే.

ఎలాగో ఇల్లు చేరారు. ఆ వారం కర్టెన్ అంచులు వంకర పోయి, రెండుసార్లు విప్పి కుట్టింది.

ఎండ కాసిన రోజు చూసి, అన్నయ్యని వెంటబెట్టుకుని కారుని టైర్ల షాపుకి తీసుకెళ్ళింది. ఆ షాపాయన కబుర్ల పుట్ట. కానీ కారు జాకీ మీద లేపి, చక్రం తిప్పి చూశాక ఆయన కబుర్లు ఆగిపోయాయి. టైరు పక్కన వేలితో తడిమి, సన్నటి పగుళ్ళు చిట్టికి చూపించాడు.

"వీటి మీద వానలో వచ్చారామ్మా? దేవుడు చల్లగా చూశాడు. నాలుగూ మార్చాల్సిందే. రెండు కొత్తవీ రెండు పాతవీ వేస్తే ఒకటి ఇటు లాగితే ఒకటి అటు లాగుతుంది."

"అదే రకం తెప్పించండి," అన్నాడు అన్నయ్య.

"సార్, అవి రేస్ ట్రాక్ మీద రాజులు. వానలో పనికిరావు. ఇది చూడండి, ఇదీ జోరు కారుకి చేసిందే. గాళ్ళు లోతుగా ఉన్నాయి, నీళ్ళు పక్కకి చిమ్మేస్తుంది. మీ సైజుల్లో దొరుకుతుంది, ముందు సన్నవి, వెనక వెడల్పువి."

అన్నయ్య దాన్ని తడిమాడు. గాళ్ళలోకి వేలు పోనిచ్చాడు. మొహం మాడ్చుకుని చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. "మెత్తటి పరుపు. అదే రకం కావాలన్నాను."

"అన్నయ్యా, నాకు వానలో పట్టు కావాలి," అంది చిట్టి.

"వానలో తీయొద్దని చెప్పాగా."

"వాన నిన్నడిగి వచ్చిందా మొన్న?"

"కారు నాది. నువ్వు నడిపేదానివి, అంతే."

షాపులో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. చిట్టి తాళం అన్నయ్య అరచేతిలో పెట్టి, నడుచుకుంటూ తన కుట్టు షాపుకి వెళ్ళిపోయింది. టైర్ల షాపాయనే ఒక మెకానిక్ చేత అన్నయ్యనీ ఎర్ర కారునీ ఇల్లు చేర్పించాడు.

ఆ వచ్చిన ఆదివారం చిట్టి వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. వదిన కర్టెన్ కొలతల నెపం పెట్టుకుని షాపుకి వచ్చి, ఉన్న కర్టెన్లనే ఇంకోసారి కొలిపించి, చివరికి అసలు మాట బయటపెట్టింది.

"మీ అన్నయ్య పొద్దస్తమానం వెళ్ళి ఆ కార్లోనే కూర్చుంటున్నాడు. కదలని కార్లో. పక్కింటావిడ అడిగితే ఏం చెప్పను, మా ఆయన ఊరెళ్ళాడని చెప్పనా?" నవ్వబోయింది గానీ కళ్ళు తడి అయ్యాయి. "నువ్వు కోపం పెట్టుకో తల్లీ, కాదనను. ఒక్కసారి వచ్చి ఎదురుగా పెట్టుకో."

సాయంత్రం షాపు మూసి వెళ్ళింది. షెడ్డులో అన్నయ్య పక్కసీట్లోనే ఉన్నాడు, చెప్పులు లేకుండా. డ్రైవర్ సీటు ఎవరికోసమో అట్టిపెట్టినట్టు ఖాళీగా వదిలేశాడు. చిట్టి తలుపు తీసి కూర్చుంది.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు అన్నయ్య.

"అన్నావుగా."

"అన్నాను."

"ఎందుకంత పట్టు అన్నయ్యా? చచ్చేవాళ్ళం. వదినకి ఎవరేం చెప్పేవాళ్ళు?"

ఆయన అరికాళ్ళు నేల మీద కదిపాడు. "ఆ టైర్ల పక్క గోడలు రాయిలా గట్టివి చిట్టీ. రోడ్డు మీద ఉన్నదంతా పైకి పంపిస్తాయి. గులకరాయి, తారు అతుకు, తెల్ల గీత... అన్నీ కాళ్ళకి తగుల్తాయి. ఇంట్లో నాకు గోడలే కనిపిస్తాయి, అవీ చేత్తో. ఆ రోడ్డొక్కటే దూరం దాకా కనిపిస్తుంది. మెత్తటి టైరు వేస్తే అదీ పోతుంది."

ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని కూడా, ఆయన గాలి కోసం వస్తున్నాడనుకుంది చిట్టి. వెంటనే, సరే అదే రకం వేయిద్దాం, అనేయాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బస్సు హారన్ ఇంకా చెవుల్లోనే ఉంది.

"నీకు రోడ్డు కనిపించాలి, నిజమే," అంది మెల్లిగా. "కానీ అది నాకు పట్టు చిక్కాల్సిన రోడ్డు కూడా. ఆ టైర్లతో నేను నడపను అన్నయ్యా. ఈసారి నువ్వు తిట్టినా నడపను."

ఆయన అవుననలేదు. కాదనీ అనలేదు.

మర్నాడు ఆమె ఒక్కతే టైర్ల షాపుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. వాన టైర్లే కావాలి, కానీ వాటిలో గట్టివి. షాపాయన తల గోక్కున్నాడు. రెండు మూడు రకాలు దింపించి, పక్క గోడలు చేత్తో నొక్కి చూపించాడు. ఒకటి కుషన్‌లా లోపలికి పోయింది. మరొకటి చిట్టి రెండు చేతులా బలంకొద్దీ నొక్కినా వంగలేదు.

"ఇది వానలోనూ నమ్మకస్తురాలే. కానీ గుంటలో పడితే నడుం విరిగినంత పనవుతుందమ్మా. జనం దీన్ని తిట్టి తిప్పి పంపిస్తారు."

"ఇదే వేయండి," అంది.

వేసి, గాలి సరిచూసి, పంపేటప్పుడు షాపాయన మళ్ళీ హెచ్చరించాడు. కొత్త టైర్ల మీద నూనెలాంటి పూత ఉంటుంది, అది అరిగేదాకా జారతాయి, జోరు వద్దు అని. ఆ మాటతో చిట్టికి మిగిలిన కాస్త ధైర్యమూ సగమైంది.

మొదటి ప్రయాణం సన్నటి జల్లులోనే పెట్టుకుంది. తప్పించుకుంటే ఎప్పటికీ తప్పించుకుంటూనే ఉంటానని ఆమెకి తెలుసు. అన్నయ్య ఎక్కాడు. చెప్పులు విప్పాడు. ఆయన మొహం చూడాలని ఉంది, రోడ్డు మీంచి కళ్ళు తీయాలంటే భయంగా ఉంది. అంతలో ముందు పోతున్న వ్యాన్ ఉన్నట్టుండి ఆగింది. చిట్టి బ్రేక్ తొక్కింది. వెనక భాగం ఎప్పుడు లాగుతుందా అని ఒళ్ళంతా బిగుసుకుపోయింది. కారు ఒక్కసారి ముందుకి వంగి, తిన్నగా, వ్యాన్‌కి ఇటే ఆగింది.

"ఏమైంది?" అన్నాడు అన్నయ్య.

"ముందు బండి ఆగింది."

"మనం?"

"మనమూ ఆగాం."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె అడగాలా వద్దా అని తటపటాయించి అడిగేసింది. "రోడ్డు కనిపిస్తోందా?"

"గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టుంది. మాటలు తెలీట్లేదు."

ఆ జవాబు చాలా రోజులు ఆమెని పొడుస్తూనే ఉంది. అయినా టైర్లు మార్చలేదు. ఆయనా మార్చమనలేదు. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. తారు అతుకులు కొన్ని ఆయనకి మళ్ళీ దొరికాయి. తెల్ల గీతలు దొరకనే లేదు. అవి పోయాయంతే, అన్నాడు ఒకసారి.

కానీ ఇప్పుడు వానలో కూడా వెళ్తున్నారు. ఒకరోజు రిజర్వాయర్ దగ్గర ముసురులో పోతుండగా అన్నయ్య చెయ్యెత్తాడు.

"మెల్లిగా. ముందు నీళ్ళు నిలిచాయి. టైర్ల చప్పుడు బరువెక్కింది."

చిట్టికి ఏమీ కనిపించలేదు. అయినా కాలు తీసింది. రెండు క్షణాల్లో రోడ్డంతా మడుగు. కారు దాన్ని చీల్చుకుంటూ తిన్నగా అవతలికి వచ్చింది.

"ఎలా తెలిసింది?"

"గాళ్ళలోంచి నీళ్ళు పోయే చప్పుడు. పాతవాటికి ఇది లేదులే." ఓడిపోవడం ఇష్టంలేనట్టు అన్నాడు, "అలాగని నీ టైర్లు బాగున్నాయని కాదు. నడుం విరుగుతోంది."

"అయితే దిగి నడిచి రా," అంది చిట్టి, గేరు మారుస్తూ.