ఎడమ తలుపు పట్టీ మీద నాలుగు వేళ్లు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే అక్కణ్ణుంచి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కార్లకు రంగులు వేసి బతికినవాణ్ణి. రంగు సరిగ్గా పట్టలేదంటే కారణాలు మూడే: నూనె, తడి, తొందర. నాలుగోది లేదని నాకు పని నేర్పిన మేస్త్రీ అనేవాడు. ఆయన మాట ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారి సంగతి రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊళ్లోకి ఆఫీసర్లు వచ్చారు, వాళ్ల వెంట కార్లు వచ్చాయి, నాకు చేతినిండా పని. ఒక రేకుల షెడ్డు, దాని పక్కనే చిన్న గది ఉండేవి. గదిలో కిందంతా బేతంచెర్ల బండలు. రంగు వేసిన సామాన్లు ఆ గదిలోనే ఆరబెట్టేవాణ్ణి. దుమ్ము లేవకుండా బండల మీద నీళ్లు చల్లి, కిటికీ మూసి, తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకునేవాణ్ణి. ఆరేదాకా నా భార్యను కూడా లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. ఆ చాదస్తానికి ఆమె చేత తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు.

ఒక ఎండాకాలం మైదుకూరు వైపునుంచి ఒక రెడ్డి పాత కారు తెచ్చాడు. యుద్ధానికి ముందు వాళ్ల నాయన కొన్న బండి. ఇంజనూ, బయటి రంగూ మద్రాసులో బాగుచేయించాడట. లోపలి పని ఒక్కటే నాకు వచ్చింది. మీటర్లు బిగించే పలక, స్టీరింగు కడ్డీ, తలుపులకు లోపలివైపు కిటికీ అంచున ఉండే రేకు పట్టీలు, అన్నీ ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. అన్నీ విప్పి, పాత రంగు గీకి, లేత పచ్చ వేయాలి.

పాత బండి తెచ్చేవాళ్లు మామూలుగా మొదట్లో ఉన్న రంగే కావాలంటారు. ఈయన మాత్రం దాని జాడే ఉండకూడదన్నాడు.

"మా పాప ఈ కారు ఎక్కనంటాది మస్తానప్పా. మూడేండ్లాయె. లోపల సూస్తే వేరే బండి అనుకోవాల. పాత రంగు నలుసంత కూడా కనపడగూడదు."

పాపకు పదేళ్లు, తల్లి లేదు. ఎక్కడికి పోవాలన్నా ఆ పిల్లను బస్సులోనే తీసుకుపోతున్నాడట. ఇంట్లో కారు పెట్టుకుని బస్సు కోసం రోడ్డు మీద నిలబడే రెడ్డిని చూసి లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ రోజు నేను కొంచెం గొప్పలు కూడా పోయాను. తడి రంగు మీద ఎవరైనా చెయ్యి పెడితే, అచ్చు చూసి మనిషిని పట్టుకోవడం మా మేస్త్రీ నేర్పిన విద్య. అద్ది తీసిన వేలైతే అచ్చు గుండ్రంగా ఉంటుంది. జారిన వేలైతే రంగును జారినవైపు తోసుకుపోయి చివర సన్నటి గట్టు కడుతుంది. చేసిన తప్పు రంగు దగ్గర దాగదని రెడ్డికి చెప్పాను.

పట్టీలు నాలుగూ గీకి, కడిగి, అడుగు పూతగా ఎర్ర సీసం పూసి, లప్పం పెట్టి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దాను. పొద్దున్నే ఆఖరి పూత వేసి గదికి తాళం పెట్టాను. కర్నూలు ఎండకు మధ్యాహ్నానికల్లా పైన పొర కడుతుంది. తాళం తీసి చూస్తే మూడు పట్టీలు బాగున్నాయి. ముందు ఎడమ తలుపు పట్టీ మీద నాలుగు వేళ్ల అచ్చులున్నాయి.

నేనే పొరపాటున తాకానేమో అనుకున్నాను. నా వేళ్లు పెట్టి చూసుకున్నాను. నావి లావు. అవి సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. నా భార్య మీద కేకలేశాను. ఆమె తన చెయ్యి తెచ్చి పక్కన పెట్టింది. ఆమెవీ కావు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సరే, పాత నూనె అనుకున్నాను. ఎవరో తలనూనె చేత్తో అక్కడ పట్టుకుని ఉంటారు, అది రేకులోకి ఇంకిపోయి ఉంటుంది. రేకు తెల్లగా తేలేదాకా సోడాతో ఉడకబెట్టి, పెట్రోలుతో తుడిచి మళ్లీ వేశాను. ఈసారి గది తలుపుకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం తలుపు తీస్తే అవే నాలుగు వేళ్లు, అదే చోట.

మూడోసారి ఆ పట్టీనే పక్కన పడేశాను. రేకుల సాయబు దగ్గర కొత్త రేకు కోయించి, అదే కొలతకు వంచి రంగు వేశాను. మనిషి చెయ్యి ఎప్పుడూ ఆనని రేకు అది. దాని మీదా వచ్చాయి.

అప్పుడు నాకు భయం వేసిందని ఒప్పుకుంటాను. అయినా పని అలవాటు కొద్దీ అచ్చును చదివాను. కారులో కూర్చున్నవాళ్లు పట్టీ మీద చెయ్యి వేస్తే వేళ్ల కొసలు బయటికి ఉంటాయి. ఈ కొసలు లోపలికి ఉన్నాయి. అంటే ఆ మనిషి కారు బయట నిలబడి తలుపు పట్టుకుంది. ఒక్కో అచ్చు వెనక సీటు వైపుకు సాగి ఉంది. నాలుగింటికీ చివర సన్నటి గట్టు కట్టి ఉంది.

మైదుకూరు బస్సు డ్రైవరు చేత రెడ్డికి కబురు పంపాను. మర్నాడు వచ్చాడు. గదిలోకి తీసుకుపోయి పట్టీ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. ఆయన మెల్లగా ఆ తడి బండల మీదే కూలబడ్డాడు. అక్కడే కూర్చుని సంగతంతా చెప్పాడు.

మూడేళ్ల కిందట, గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరిన కరువులో, పాపకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. వెనక సీట్లో పడుకోబెట్టి తనే తోలుకుంటూ కడప ఆసుపత్రికి బయలుదేరాడు. మిట్టమధ్యాహ్నం. దారిలో ఒకామె బిడ్డను చంకనేసుకుని చెయ్యి అడ్డం పెట్టింది. బిడ్డ తల వాలిపోయి ఉంది. ఈయన బండి నెమ్మది చేశాడు. ఆమె కిటికీ పట్టుకుంది. ఆ బిడ్డకున్న రోగమేమిటో, తన పాపకు ఇంకేం అంటుతుందోనని భయమేసి మళ్లీ వేగం పెంచాడు. ఆమె వదలకుండా కారు వెంట పరిగెత్తింది.

"ముందు సీటు ఖాళీగానే ఉండె మస్తానప్పా," అన్నాడు. "ఆ యమ్మ అరిసింది మా పాప వినింది. ఆ పొద్దునుంచి కారెక్కదు."

తర్వాత నా మొహంలోకి చూసి అడిగాడు. "అచ్చు సూసి చెప్తానంటివి గదా. ఆ యమ్మ తనంతట తాను ఇడిసిపెట్టిందా, పడిపోయిందా? నేను ఎనక్కి తిరిగి సూళ్లేదు. అదొక్కటి చెప్పు. పాపకు ఏదో ఒకటి చెప్పాల గదా."

ఆ గట్లు నా కళ్లముందే ఉన్నాయి. చదవడం రాని ఆయనకు అవి వట్టి మరకలు. నాకు జాలేసింది. నాకూ పిల్లలున్నారు. ఆయన చోట నేనున్నా బండి ఆపి ఉండనేమో.

"తనే ఇడిసిపెట్టింది రెడ్డీ," అన్నాను. "అచ్చులు గుండ్రంగా ఉండాయి. జారినట్టు లేదు."

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి మొహం తుడుచుకుని లేచి, పచ్చ ఇంకొంచెం లేతగా ఉంటే బాగుంటుందేమో అన్నాడు. అంత త్వరగా తేరుకున్నాడు.

ఆ కొత్త పట్టీని గీకి నాలుగోసారి రంగు వేశాను. మధ్యాహ్నం తలుపు తీశాను. ఈగ వాలిన గుర్తు కూడా లేదు. నేను సంతోషపడాలి. కిటికీ తెరిచి, వెలుగులో మళ్లీ వెతికాను.

వారం తర్వాత తండ్రీ కూతుళ్లు బస్సులో వచ్చారు. ఆ పిల్ల ఎడమ తలుపు ముందు కాసేపు నిలబడింది. "పడిపోలేదంట గదా నాయనా?" అని ఇంకోసారి అడిగింది. లేదన్నాడు. ముందు సీట్లో ఎక్కి కూర్చుని, నేను వేసిన లేత పచ్చ మీద చెయ్యి ఆనించుకుంది. కారు కదిలి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పనిమీద ఆ దారిన పోయినప్పుడల్లా దిగి విచారించాను. అలాంటి ఆమె ఎవరో, ఏమైందో చెప్పగలిగినవాళ్లు లేరు. "ఆ కరువులో ఈ దావన బిడ్డను ఎత్తుకోని పోయిన ఆడోళ్లు ఒకరా ఇద్దరా సాయిబూ," అంది ఒక ముసలమ్మ. చేసంచీ పట్టుకుని మళ్లీ బస్సెక్కాను.

రేకుకు నూనె లేదు, గదిలోకి ఎవరూ రాలేదు. ఆ అచ్చులు ఎలా వచ్చాయో నాకు తెలియదు. దాన్ని గురించి ఆలోచించడం ఎప్పుడో మానేశాను. రెండో సంగతి మాత్రం వదలడం లేదు. ఆ వేళ్లను చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తల్లి నా దగ్గరికే మూడుసార్లు వచ్చి చెప్పుకుంది. నేను చదివి కూడా అబద్ధం చెప్పాను. నాలుగోసారి ఆమె ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.