కొమ్మకు అవతలి పల్లె

1998 జనవరి. అరకు లోయకు పైన ఒక సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్ఎంని, అంటే ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సుని. మాది బొబ్బిలి వైపు. ఆ ఆదివారం పల్స్ పోలియో. లోయంతా మంచు నిండి, బూత్ పెట్టిన బడి తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. ఆ తెల్లదనంలోంచి రేడియో మాత్రం "దేశవ్యాప్తంగా" అంటోంది. ఆ మాట వింటే నాకు మత్తుగా ఉండేది. ఎక్కడో ఎడారిలో, ఎక్కడో సముద్రం ఒడ్డున, నాలాంటివాళ్లు ఇదే గంటకు ఇవే రెండు చుక్కలు వేస్తున్నారని కలగనేదాన్ని.

మా సూపర్‌వైజర్‌కి దేశవ్యాప్తం అంటే సాయంత్రానికి నిండాల్సిన ఫారం. పై పల్లె నుంచి ఒక్క పిల్లా రాలేదని చెబితే, పండగేమో, వేసినట్టు రాసేయమన్నాడు. పెన్ను తీశాను కూడా. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. అప్పుడు ఆ పల్లెలోని సుక్రి గుర్తొచ్చింది. ఆమె పెద్దకొడుకు పోలియోతో కాలు ఈడుస్తూ నడుస్తాడు. చంటిపిల్లకు ఆర్నెల్లు. దానికి ఈ ఆదివారం చుక్కలు వేస్తానని మాటిచ్చింది నేనే.

చుక్కల మందును ఐసు మధ్య దాచే వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని మంచులో కొండెక్కాను. పల్లె మొదట్లో దారికి అడ్డంగా నడుమెత్తున కట్టిన మామిడి కొమ్మ. లోపల డప్పులు. పూజ చేసే దిసారి, ముసలాయన, ఎదురొచ్చాడు. పూజ అయ్యేదాకా బయటివాళ్లు లోపలికి, లోపలివాళ్లు బయటికి కొమ్మ దాటకూడదట. రేపు రమ్మన్నాడు. రేపటికి ఐసు కరిగి మందు పాడైపోతుంది. ఈ రోజు దేశమంతా వేస్తున్నారని వాదించాను.

"మా కొండ ఆ దేశంలో ఉందేటమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

ఇందాక ఫారం మీద పెట్టబోయిన పెన్ను సంచిలోనే ఉంది.

ఇంతలో సుక్రి పిల్లని ఎత్తుకుని కొమ్మ దాకా వచ్చింది. "పెద్దోడప్పుడు ఎవులూ ఎక్కి రానేదు తాతా. ఈయమ్మ వచ్చింది" అంది.

దిసారి కొమ్మ మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఇటు రావొద్దు. పిల్లగుంట అటు ఎల్లొద్దు. సుక్క దాటొచ్చు."

సుక్రి పిల్ల గడ్డాన్ని ఆకుల మీద ఆనించింది. ఇవతల నుంచి రెండు చుక్కలు వేశాను. పిల్ల చప్పరించింది. నాకు ఏడుపొచ్చింది. సుక్రి వెనకే తల్లులంతా వరసకట్టారు.

ఎవరు రాలేదో వెతక్కుండా ఏ ఫారమూ నింపకూడదని అక్కడే నేర్చుకున్నాను. ఆరేళ్ల తర్వాత సంతలో సుక్రి కూతురు కనిపించింది. పిలిచాను. అది వినిపించుకోకుండా పరిగెత్తి పోయింది. ఆ పరుగును కళ్లారా చూస్తూ నిలబడ్డాను.