పాత చెంచా, కొత్త పౌడర్

రెండు వేల ఇరవై రెండు, ఎండాకాలం. తార్నాకలో మెయిన్ రోడ్డుకి రెండు సందుల లోపల, ఒక మందుల షాపు పైన ఉన్న చిన్న క్లినిక్‌లో హ్యాండ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఈ పని గురించి చాలామందికి తెలియదు. సర్జన్ ఎముక అతికిస్తారు, తెగిన టెండన్ కుడతారు. టెండన్ అంటే వేలిని లాగే తాడు. అక్కడితో ఆపరేషన్ అయిపోతుంది, చేయి మాత్రం బాగైనట్టు కాదు. ఆ చేత్తో మళ్ళీ అన్నం కలుపుకోవాలి, గుండీ పెట్టుకోవాలి, తాళం తిప్పాలి. అదంతా మా బల్ల దగ్గర జరుగుతుంది. నెలలు పడుతుంది. ఏడుస్తారు, మమ్మల్ని తిట్టుకుంటారు. మాకు అలవాటే.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా మిక్సీ బ్లేడు కోతలు, కారు తలుపులో పడ్డ వేళ్ళు, ముషీరాబాద్ వైపు కార్ఖానాల్లో మిషన్ కింద నలిగిన చేతులు. తుపాకీ కేసు ఆ వేసవిలో వచ్చిందే మొదటిది. ఇప్పటివరకు అదే ఆఖరుది కూడా.

అమ్మాయి పేరు రవళి. ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పిస్టల్ షూటింగ్ పోటీలకు వెళ్తుంది. కుడిచేతి చూపుడువేలు మధ్య కీలు చితికింది, టెండన్ తెగింది. అరచేతిలోంచి ఇత్తడి ముక్కలు తీశారట. కళ్ళద్దాలు పెట్టుకుంది కాబట్టి కళ్ళు దక్కాయి. కూతురి బ్యాగు భుజాన వేసుకుని పక్కన నిలబడిన ఆయన సత్తయ్య సార్, వాళ్ళ నాన్న. ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఊరు కరీంనగర్ వైపు, ఇల్లు సీతాఫల్‌మండిలో.

"ఏమైందమ్మా?" అన్నాను.

"పిస్టల్ పేలింది మేడమ్."

"పేలడమే కదా దాని పని?"

రవళి నవ్వింది. "ముందటికి పేలాలె మేడమ్. గిది చేతిల్నే పేలింది."

సత్తయ్య సార్ నవ్వలేదు. "పిస్టలే ఖరాబున్నది. ఇనుము మంచిది కాదు. ఆ కంపెనోణ్ణి కోర్టుకు గుంజాలె" అన్నారు. లైసెన్సు, అనుమతి కాగితాలు అన్నీ ఉన్నాయని కూడా చెప్పారు. నేను అడగలేదు.

చేతికి థెరపీ అంటే గంటసేపు ఎదురెదురుగా కూర్చోవడం. వాళ్ళ చేయి మన చేతిలో ఉంటుంది. తల తిప్పుకోవడానికి చోటు ఉండదు. నొప్పి మరిచిపోవడానికి మాట్లాడతారు. రవళి అలాగే, కొన్ని వారాల మీద, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

పోటీల్లో వాడే తూటాలు ఖరీదు, దొరకడమూ కష్టం. అందుకని వాళ్ళ నాన్న కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి ఇంట్లోనే మళ్ళీ నింపేవారు. దాన్ని రీలోడింగ్ అంటారు. వాళ్ళమ్మ కుట్టుమిషన్ బల్లకి ఒక ప్రెస్ బిగించుకున్నారు. గొట్టం అడుగున ప్రైమర్ అని చిన్న మూత, నిప్పు పుట్టించేది. దాని మీద పౌడర్, అంటే తుపాకీ మందు. పైన గుండు.

"పౌడర్ ఎంత పొయ్యాలో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

"ఆ పౌడర్ తయారుచేసినోళ్ళు పట్టిక ఇస్తరు మేడమ్. ఏ పౌడర్‌కు ఆ పట్టికే. ఏ గుండుకు ఎంత, అండ్ల రాసి ఉంటది. అండ్ల అన్నిటికన్న తక్కువున్న కాడ షురూ చెయ్యాలె. ప్రతీదీ త్రాసు మీద పెట్టి తూచాలె. బల్ల మీద ఒక్క డబ్బాకు మించి ఉండొద్దు. గివన్నీ నాకు నేర్పింది మా బాపే."

"మరి?"

ఆమె నా చేతిలో ఉన్న తన వేలి వంక చూసింది.

"త్రాసు అలమార మీదికెక్కింది. మొదట్ల అన్నీ తూచేటోడు. తర్వాత ఇత్తడి గొట్టం ఒకటి కోసి, పిడి అతికించి చెంచా తయారుచేసిండు. చెంచాడు తూస్తే సరిగ్గ వచ్చింది. పదిసార్లు తూచినా అంతే వచ్చింది. ఇంక త్రాసెందుకన్నడు. ఏండ్ల సంది ఆ చెంచానే."

పాత డబ్బా అయిపోయింది. స్నేహితుడెవరో ఇంకో రకం పౌడర్ ఇచ్చాడు. అది పాతదానికంటే బరువైనది, పాతదానికంటే తొందరగా మండేది. సత్తయ్య సార్ కొత్త డబ్బా మూత తీశారు, పాత చెంచా ముంచారు, అంచు మీద గీసి సమంగా చేశారు. చేయి ఎప్పటిలాగే చక్కగా పనిచేసింది. చెంచా నిండా అంతే కనిపించింది.

"నీకెలా తెలుసు?"

"ఆపరేషన్ అయినంక ఒకనాడు బాపు కాలేజీకి పోయిండు. ఎడమ చేత్తోని త్రాసు దించిన. ఆ చెంచాతోని కొత్త పౌడర్ పోసి చూసిన. పట్టికల ఉన్న ఆఖరి లెక్క కూడా దాటిపోయింది మేడమ్. మళ్ళ అన్నీ ఉన్నకాడ పెట్టేసిన."

"ఆయనకి చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? నా వేలు చూసినప్పుడల్లా కంపెనోణ్ణి తిడ్తడు. ఆ తిట్టుడు ఆగితే ఎవర్ని తిట్టుకుంటడు?"

ఆ మాట విన్నప్పుడు నాకు ఆ ముందువారం మా ఇంట్లో జరిగింది గుర్తుకొచ్చింది. మా పాపకి అప్పటికి ఏడాది నిండలేదు. జ్వరం వస్తే డాక్టరు అంతకుముందు సిరప్ ఇచ్చేవారు, ఈసారి డ్రాప్స్ రాశారు. పేరు ఒకటే. కానీ డ్రాప్స్ సీసాలో మందు చాలా చిక్కన, అందుకే చుక్కల్లో వేస్తారు. నేను క్లినిక్ నుంచి వచ్చేసరికి మా అత్తగారు పాపని ఒళ్ళో పెట్టుకుని, డ్రాప్స్ మందుని పాత సిరప్ మూతలో గీత వరకు పోసి నోటి దగ్గర పెట్టారు. నేను లాక్కున్నాను. మందు చీర మీద ఒలికింది.

"కాకినాడలో అరడజను మంది పిల్లల్ని పెంచి వచ్చానమ్మా. మూతడు మందు పట్టడం నాకు రాదంటావా?" అన్నారు.

రాకపోవడం కాదు. బాగా రావడమే. ఆవిడ గీత దాటి ఒక్క చుక్క పొయ్యలేదు. గీతే వేరే సీసాది. ఆ రోజు నుంచి ఇంట్లో మందు నేను తప్ప ఎవరూ పట్టకూడదని పట్టుబట్టాను. ఆవిడ నాతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పోనీ అనుకున్నాను.

రవళి కష్టపడింది. అలాంటి పేషెంటు అరుదు. వేడి మైనంలో ముంచి, మచ్చని రుద్ది, రాత్రిళ్ళు వేలిని నిటారుగా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టించి, కీలుని ఒక్కొక్క డిగ్రీ వంచుకుంటూ వచ్చాం. కీలు ఎంత వంగుతోందో కొలిచే గోనియోమీటర్ని ఆమె "మీ త్రాసు" అనేది. వానాకాలం దాటాక ఒకరోజు చూపుడువేలు అరచేతిని తాకింది. సర్జన్ కూడా అంత ఆశించలేదు. సత్తయ్య సార్ అంబర్‌పేట్ నుంచి జిలేబీ తెచ్చి క్లినిక్ అంతా పంచారు.

"ట్రిగ్గర్ గుంజుతదా మేడమ్?" అని అడిగారు.

"లాగగలదు సార్."

"ఇగ భయం లేదు. ఈసారి చెంచాల సగమే పోస్త. సేఫ్ సైడ్."

నేను రవళి వంక చూశాను. ఆమె జిలేబీ కాగితాన్ని మడతలు పెడుతోంది, కుడిచేత్తో, చక్కగా.

తర్వాతిసారి ఒక్కతే వచ్చింది. చేయి బల్ల మీద పెట్టలేదు.

"మేడమ్, నా వేలు వంగదని రాసియ్యుండ్రి."

"వంగుతోంది కదా?"

"అందుకే రాయమంటున్న." గొంతు తగ్గించింది. "సగం పోస్తే సేఫ్ కాదు మేడమ్. మరీ తక్కువైతే గుండు బయటికి రాదు, పిస్టల్ గొట్టంలనే ఇరుక్కుంటది. తెల్వక రెండోది కాలుస్తే దానికి తగుల్తది. మళ్ళ చేతిల్నే పేలుతది. ఎక్కువకు భయపడి తక్కువ పోసుడు కూడ అందాజే. పట్టిక చూడాలె, తూచాలె, అంతే."

"ఆ మాటే ఆయనతో అను. లేదా కొన్న తూటాలే వాడతానను."

"అన్న. 'నా మీద నమ్మకం లేదా బిడ్డా?' అన్నడు. ఏం జెప్పాలె మేడమ్? పదేండ్లప్పుడు నా చేతిల పిస్టల్ పెట్టి, ఎనక నుంచి నా మోచెయ్యి పట్టుకొని నిలబెట్టిండు. లేదని ఎట్లంట?"

వంగే వేలిని వంగదని నేను రాయలేను. అది ఆమెకీ తెలుసు. వేరేది రాశాను: వేలు పూర్తిగా కోలుకుంది, కానీ ఇంట్లో నింపిన తూటాలు ఈ చేత్తో కాల్చరాదు. సంతకం పెట్టి ఇచ్చాను. మర్నాడు సత్తయ్య సార్ ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"మీరు చేతి డాక్టరా, తూటాల డాక్టరా?"

"సార్, కొత్త పౌడర్‌ని ఒక్కసారి తూచి చూడండి."

ఆయన ముఖం పాలిపోయింది. కూతురు చెప్పిందని ఆ క్షణంలో అర్థమైందో, అర్థం కాకుండా చూసుకున్నారో నాకు తెలియదు. "ముప్పై ఏండ్లు కెమిస్ట్రీ చెప్పిన" అన్నారు. దిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇద్దరూ రాలేదు.

మళ్ళీ చూసింది మరుసటి ఏడాది, క్యాంపస్‌లో. సాయంత్రాలు పాపని అక్కడ నడిపించడానికి తీసుకెళ్తాను. టీ బండి దగ్గర రవళి కనిపించింది. గ్లాసు చుట్టూ మూడు వేళ్ళు ఉన్నాయి. చూపుడువేలు మాత్రం నిటారుగా, దేన్నో చూపిస్తున్నట్టు నిలబడి ఉంది.

"రవళీ, ఏంటది?"

"మీరు రాయలేదు గద మేడమ్. నేనే మళ్ళ బిగుసుకపోయిందని చెప్పిన. బాపు రోజూ పొద్దున 'వంచు చూద్దాం బిడ్డా' అంటడు. వంగనట్టు చేసేదాన్ని. మీరిచ్చిన స్ప్లింట్ ఇంట్ల తియ్యకపోతుంటి." నవ్వడానికి ప్రయత్నించింది. "ఇప్పుడు వంగనట్టు చేసే పని లేదు. నిజంగనే వంగుతలేదు."

ఆ వేలు పట్టుకుని వంచి చూశాను. కీలు కొయ్యలా ఉంది. మచ్చపడ్డ టెండన్‌ని నెలల తరబడి కదపకపోతే చుట్టూ ఉన్న కండకి అతుక్కుపోతుంది. ఆ కీలుని ఒక్కొక్క డిగ్రీ ఎలా వంచామో మా ఇద్దరికే తెలుసు.

"మరి తూటాలు?"

"నింపుతలేడు. ఎవరి కోసం నింపాలె? చెంచా కుట్టుమిషన్ డ్రాయర్ల పడున్నది." గ్లాసు బండి మీద పెట్టి, "కంపెనోణ్ణి ఇంక తిడ్తనే ఉన్నడు" అంది.

మా పాపకి ఎవరు కనిపించినా వేలు పట్టుకోవడం అలవాటు. రవళి చూపుడువేలు పట్టుకుంది. ఎవరైనా అయితే తమ వేలు మడిచి ఆ చిన్న చేతిని పట్టుకుంటారు. ఆ వేలు అలాగే నిలబడి ఉంది.

ఇప్పుడు ఏ చేయి నా బల్ల మీదికొచ్చినా ఎలా తెగింది, ఎక్కడ నలిగింది అని అడగడంతో ఆపను. బాగయ్యాక ఈ చేయి మళ్ళీ ఎవరిని నమ్మి పనిచెయ్యాలి అని అడుగుతాను. కొందరు వెంటనే జవాబు చెప్తారు. కొందరు చేయి వెనక్కి తీసుకుంటారు. అలా తీసుకున్నవాళ్ళకి, ముందు ఆ భయమేమిటో వినకుండా, వేలు వంచడం నేర్పడానికి నేను తొందరపడను.