కూర్చునే రోజు

ఆ గది ఒకప్పుడు రంగుల గోదాము. మావయ్య దాన్ని అద్దెకు తీసుకుని ఇనప చక్రాలూ కడ్డీలూ తెచ్చి పెట్టాక కూడా గోడలకు ఆ వాసన వదల్లేదు. ఇవాళ్టికీ ఎక్కడైనా కొత్త రంగు వాసన తగిలితే ఆమెకు ముందు భుజాలు నిటారవుతాయి, ఆ తర్వాతే ఆయన గుర్తొస్తాడు.

పగలు తాళాలు బాగుచేసేవాడు, సాయంత్రం బరువులు ఎత్తించేవాడు. వచ్చేవాళ్లందరికీ ఆయన మావయ్యే. నిజంగా మేనకోడలు మాత్రం ఆమె ఒక్కతే.

ఆయన పద్ధతి ఒకటే. ఒకరోజు ఎత్తాలి, మర్నాడు కూర్చోవాలి. కూర్చునే రోజున చక్రాలకు గొలుసు దూర్చి తాళం వేసేవాడు. అలాగని ఇంట్లో ఉండిపోతే ఒప్పుకోడు. వచ్చి గోడవారన బల్ల మీద కూర్చోవాల్సిందే.

"ఎత్తని రోజు కూడా రావడం దేనికి మావయ్యా?" అని వచ్చేవాళ్లలో ఒకడైన టైలరు గొణిగేవాడు.

"ఇంట్లో ఉంటే నీ చేతులు ఊరుకుంటాయా? ఏ బీరువానో జరుపుతావు. పాలు తోడేశాక గిన్నె కదుపుతామా? ఒళ్లూ అంతే. కూర్చో, తోడుకోనీ."

"నాది ఎప్పుడో తోడుకుంది. పులిసిపోయిందని మా ఆవిడ గోల."

బల్లంతా నవ్వేది. ఆమె మాత్రం నవ్వేది కాదు. ఊళ్లో ఆడపిల్లలకు బరువుల పోటీ పెట్టడం అదే మొదలు. అందులో కప్పు గెలిచి తీరాలని ఆమె పంతం. కూర్చున్న ప్రతి సాయంత్రమూ ఆ కప్పు ఇంకెవరి చేతుల్లోకో జరుగుతున్నట్టు అనిపించేది. అందుకే ఇంటికెళ్లి, నీళ్ల డబ్బాలు కర్రకు కట్టి పెరట్లో ఎత్తడం మొదలుపెట్టింది. మొదట్లో బలం పెరిగినట్టే ఉంది. పోనుపోను, నిన్న లేచిన బరువు ఇవాళ లేవడం మానేసింది.

పోటీ ఇక వారంలో ఉందనగా, గదిలోకి వస్తూనే సంచీని ఎడమచేత్తో కొక్కేనికి తగిలించింది. మావయ్య చూడనే చూశాడు.

"ఏమే కోడలా, కుడిచెయ్యి ఎవరికైనా అరువిచ్చావా?"

ఆయన ఆమె భుజం తడిమాడు. పళ్లు బిగబట్టింది.

"ఏం ఎత్తావు?"

"నీళ్లు."

తిడతాడనుకుంది. ఆయన ఆమె పక్కనే బల్ల మీద కూలబడ్డాడు.

"పోటీ వద్దులే."

"ఒక్కసారికి ఎత్తేస్తాను మావయ్యా. మళ్లీ పెడతారో పెట్టరో."

"పెట్టకపోవచ్చు. కానీ ఈ భుజంతోనే నువ్వు ముసలిదానివయ్యేదాకా జడ వేసుకోవాలి."

పోటీ రోజున గది మూసి, మధ్యాహ్నం ఆమెను వెంటబెట్టుకెళ్లి జనం మధ్య కూర్చున్నాడు. గెలిచిన పిల్ల ఎత్తిన బరువు, చెయ్యి బాగున్న రోజుల్లో ఆమె నవ్వుతూ ఎత్తినదే. అది తెలుసు కాబట్టే ఏడుపాగలేదు. ఆయన ఓదార్చలేదు. ఆ పిల్లకు గట్టిగా చప్పట్లు కొట్టి, "బాగా ఎత్తింది, కదూ?" అన్నాడు.

"ఊఁ," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

ఆ పోటీ మళ్లీ ఎవరూ పెట్టలేదు. భుజం బాగయ్యాక ఆమె ఏళ్ల తరబడి బరువులెత్తింది, చూసేవాళ్లు లేకుండానే. ఇప్పటికీ ఆ కప్పు ఆమెకు కావాలి. ఆ మధ్యాహ్నం పక్కన కూర్చున్న మావయ్యా కావాలి. రెండిట్లో ఏది ఎక్కువ కావాలో ఆమె తేల్చుకోలేదు.