అక్క సైకిలు, నా కారు డిక్కీ

మా అక్క యాభై దాటాక సైకిలు నేర్చుకుంది. ధర్మవరంలో ఏళ్ల తరబడి మగ్గం ముందు కూర్చున్న మనిషి. మోకాళ్లు పట్టేస్తే డాక్టరు ఏదో ఒక వ్యాయామం చెయ్యమన్నాడు. నడక వద్దు, సైకిలే తొక్కుతానంది. చిన్నప్పుడు నాయన నాకు సైకిలు కొనిచ్చాడు, అక్కకు కొనలేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. కానీ కొత్త సైకిలు ఇంటికొచ్చిన రోజు దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడిన తీరు చూస్తే, ఈ కోరిక డాక్టరు పుట్టించింది కాదని నాకర్థమైంది.

అక్క ఇప్పుడు అనంతపురంలో మా పక్క వీధిలోనే ఉంటుంది. ఇంట్లోనే పట్టుచీరల వ్యాపారం. మా ఇంటి వెనక ఉన్న స్కూలు గ్రౌండులో పొద్దున్నే నేర్చుకుంది. పడింది, చీర దులుపుకుని లేచింది, మళ్లీ ఎక్కింది. నెల తిరక్కుండానే గ్రౌండు చుట్టూ తిరగడం విసుగొచ్చేసింది. రోడ్డు మీదికి పోదామంటే ఆటోలు, బస్సులు, ఎదురుగా వచ్చే బైకులు. ఒక ఆదివారం కాఫీ తాగుతూ, శింగనమల చెరువు కట్ట మీద తొక్కాలని ఉందని చెప్పింది. ఆ ఏడు వానలు బాగా పడి చెరువుకు నీళ్లొచ్చాయి. అంత దూరం తొక్కలేదు కాబట్టి సైకిలును నా కారులో తీసుకుపోవాలి.

నాకున్నది వెనక డిక్కీ పొడవుగా ఉండే తెల్లకారు. సెకండ్ హ్యాండుదే అయినా గీత పడకుండా చూసుకుంటాను. మందుల షాపు మూసి ఇంటికి రాగానే ముందు దాన్ని తుడిచి, తర్వాత కాళ్లు కడుక్కుంటానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. అది అబద్ధం కాదు.

మొదట సైకిలును డిక్కీలోనే పెట్టి చూశాం. సగం లోపల, సగం బయట. తలుపు తాడుతో కట్టాల్సి వచ్చింది, వెనక ఏమీ కనబడదు. తర్వాత ముందు చక్రం విప్పి, మిగతాది వెనక సీట్లో పడుకోబెట్టాం, ఒక మూలకు అక్క ఒదిగి కూర్చుంది. చక్రం మా ఆవిడ ఒళ్లో పెట్టుకుంది. ఊరు దాటకముందే చెయిను మడ్డి సీటు కవరుకు అంటింది. ఆమె చీరకు టైరు మట్టి అంటింది. ఇట్లా అయితే తను రానని ఆమె, కారు తియ్యనని నేను అనేసరికి వెనక్కి తిప్పాం. మరుసటి రోజు అక్క, కార్లకు సైకిలు తగిలించే క్యారియర్లు దొరుకుతాయట, విచారించమని ఫోను చేసింది.

క్యారియరంటే మా ఊళ్లో అన్నం పెట్టుకుపోయేది, లేదంటే సైకిలు వెనక కూర్చునేది. ఫోనులో అడిగిన మొదటి షాపతను ఏ సైజు సైకిలుకని అడిగాడు. కారుకని చెబితే రాంగ్ నంబరని పెట్టేశాడు. చివరికి ఒక పెద్ద సైకిళ్ల షాపులో దొరుకుతాయని తెలిసి ముగ్గురం పోయాం.

షాపాయన ఓపికగా మూడు రకాలు చూపించాడు. ఒకటి కారు పైకప్పు మీద బిగించేది. దాంట్లో సైకిలు దర్జాగా నిలబడుతుంది, డిక్కీకి ఏమీ కాదు. నాకు వెంటనే నచ్చింది. రెండోది కారు వెనక కింద ఇనుప కడ్డీ బిగించి, దాని మీద పళ్లెంలాంటి దాన్ని తగిలించేది. సైకిలును నేల మీంచి కొంచెం ఎత్తితే చాలు. మూడోది బెల్టుల్లాంటి పటకాలతో డిక్కీకి కట్టేది. అది మాత్రం నాకు నచ్చలేదు. దాని కాళ్లు నేరుగా రంగు మీదే ఆనుకుంటాయి.

నేను మొదటిదే ఖాయమన్నాను. అక్క అక్కడున్న ఒక సైకిలును రెండు చేతులతో పైకెత్తింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మెల్లగా దించి నావైపు తిరిగింది.

"తొక్కి తొక్కి కాళ్లు వణుకుతాంటే దీన్ని పైకెత్తేది ఎవురప్పా?"

నేనెత్తుతానన్నాను.

"నీకు షాపుంటాది. నువ్వు రాని దినం నేను ఆడికి పోయేకి లేదా? నేనెత్తేది కావాల నాకు."

నిజానికి అప్పటిదాకా క్యారియరు నా కారుకు కొంటున్నాననుకున్నాను, అక్క సైకిలుకు కాదు. అక్కకు కారు నడపడం వచ్చు. ధర్మవరం నుంచి చీరలు తెచ్చుకోవడానికి నా కారే తీసుకుపోతుంది కూడా. రెండో రకం గురించి మా మెకానిక్కును అడిగితే, ఈ కారు వెనక అట్లాంటి కడ్డీ తగిలించే ఏర్పాటు లేదు, పెట్టాలంటే కింద కోసి బిగించాలన్నాడు. కొయ్యడమన్న మాట వినగానే నేనే వద్దన్నాను. ఇక మిగిలింది నాకు నచ్చనిదే, అదే కొన్నాం.

ఇంటికొచ్చి తగిలించబోతే ఇంకో చిక్కు. క్యారియరు చేతులు సైకిలు అడ్డకడ్డీని పట్టుకోవాలి. అక్కది ఆడవాళ్ల సైకిలు, అడ్డకడ్డీ ఉండదు, ఏటవాలు కడ్డీ ఒకటే. దాన్నే తగిలిస్తే సైకిలు తలకిందులైనట్టు వాలి, పెడలు పోయి డిక్కీకి గుచ్చుకుంది. చిటికెన వేలంత గీత పడింది. అక్క, మా ఆవిడ ఇద్దరూ నా ముఖం చూశారు. నాకేమనిపించిందో చెప్పను. మా ఆవిడ లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అక్క నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూసి నాకూ నవ్వొచ్చింది.

మళ్లీ షాపుకు పోతే షాపాయన, సీటు కిందికీ హ్యాండిలుకూ మధ్య బిగించే విడి కడ్డీ ఇచ్చాడు. దాంతో సైకిలు తిన్నగా వేలాడింది. క్యారియరు కాళ్ల కింద పెట్టడానికి అక్క పాత పట్టు గుడ్డలు మడిచి దిండ్లు కుట్టింది. ఇప్పుడు నంబరు ప్లేటు కనబడాలి. మా ఆవిడ రోడ్డుకు అవతల నిలబడి నంబరు చదువుతుంటే, చివరి అంకె చక్రం వెనక నుంచి బయటికొచ్చేదాకా సైకిలును పైకి జరుపుతూ పోయాం. పాలు పోసే ఆమె ఆగి, కంటి పరీక్షా అని అడిగింది.

ఆ ఆదివారం బయలుదేరాం. ఊరు దాటాక వెనక నుంచి టపటపమని చప్పుడు. టైరు పోయిందనుకుని భయపడ్డాను. బైకు మీద ఒకతను పక్కకొచ్చి చెయ్యి ఊపాడు. ఆపితే, పటకా కొస ఒకటి వదులై డిక్కీని కొడుతోంది, సైకిలు చక్రం గాలికి గిరగిరా తిరుగుతోంది. "అన్నా, మీ కారుకు ఐదో చక్రం గూడా తిరుగుతాండాది" అని చెప్పి నవ్వుకుంటూ పోయాడతను. అక్క దిగి కొసను చుట్టి ముడేసింది. చక్రాన్ని నా తువ్వాలుతో కట్టేసింది.

కట్ట దగ్గర కారు ఆపగానే, వేరుశనగలో కలుపు తీసి చెట్టు నీడన సద్ది తింటున్న ఆడవాళ్లు లేచి చూశారు. సైకిళ్లు అమ్మేకి వచ్చినారా అని ఒకామె అడిగింది. కాదు, తొక్కేకి అంది అక్క. దీనికోసం అంత దూరం నుంచి కారులో వచ్చినారా అని వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

అక్క సైకిలు దించుకుని ఎక్కింది. ఒక పక్క ఎర్రనేల, ఒక పక్క నీళ్లు, మధ్యలో ఆమె పసుపు చుడీదారు చిన్నదవుతూ పోయింది. గ్రౌండులో ఎప్పుడూ చక్రం వైపే చూస్తూ తొక్కేది. ఇక్కడ తలెత్తి నీళ్లవైపు చూస్తూ తొక్కింది. ఆమె వెనక్కి తిరిగొచ్చేదాకా నేను కారు గీత సంగతే మరిచిపోయాను.

ఇందాక అడిగినామె అక్క వయసుదే ఉంటుంది. దగ్గరికొచ్చి హ్యాండిలు పట్టుకుని చూసింది.

"ఈ వయసులో నేర్చుకుంటే వచ్చాదా అక్కా?"

"నాకు వచ్చింది గదా. ఎక్కు, నేను పట్టుకుంటా."

ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కింది. అక్క సీటు పట్టుకుని పక్కనే పరుగెత్తింది. మోకాళ్ల నొప్పి మనిషి పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. మా ఆవిడ కూడా రెండో పక్క పట్టుకుంది. మిగతావాళ్లు సద్దిగిన్నెలు పక్కన పెట్టి ఎటు తిప్పాలో అరిచి చెప్పారు. పది గజాలు పోయి ముగ్గురూ కట్ట వాలులోని గడ్డిలో కూలబడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది, నవ్వుతూ లేవడం కష్టం.

వచ్చే ఆదివారం కూడా మేం ఈడనే ఉంటామని చెప్పి ఆమె పనికి పోయింది. తిరుగుదారిలో అక్క, ఈ క్యారియరు ఇంకో సైకిలు మోస్తుందా అని అడిగింది. రెండు మోస్తుందని చెప్పాను. ఆ తర్వాతి ఆదివారాలు మా ఆవిడకు కొన్న సైకిలు కూడా తగిలించుకుని పోయాం. కలుపులు అయిపోయి వేరుశనగ కాయ పీకే నాటికి అక్క నేర్పినామె ఒంటరిగా కట్ట మలుపు దాకా తొక్కుతోంది. బ్రేకు సంగతి మాత్రం చెప్పినప్పుడల్లా మరిచిపోయేది. ఆగాలనుకుంటే కట్ట పక్కన మేతకు కుప్పేసిన వేరుశనగ కట్టె వామిలోకి నేరుగా పోయి దిగేది.