తోడికోడలి ప్రపోజల్‌కి పదికి రెండు

మా పక్కింటి లెక్కల మేడంని చూస్తే ఇంత నెమ్మదైన మనిషికి శత్రువులుంటారా అనిపిస్తుంది. శత్రువులు లేరు. ఒక తోడికోడలుంది, చాలు.

కింద మేడం, మేడమీద తోడికోడలు. ఆ చిన్నావిడ టీచర్లకు పాఠాలు చెప్పే కాలేజీలో లెక్చరరు. ఏటా విద్యా సదస్సుకు వెళ్ళొస్తుంది. వచ్చాక కూడా అక్కడిచ్చిన బ్యాడ్జీ ఒక పట్టాన తీయదు. కూరగాయలు తరుగుతున్నా మెడలో ఊగుతూనే ఉంటుంది. అది కనబడినప్పుడల్లా మేడం కడుపులో కుంపటి రాజుకుంటుంది. బళ్ళో భిన్నాలు చెప్పి చెప్పి గొంతరిగింది తనకు, వేదికలెక్కేది ఆవిడా!

"ఈసారి నేనూ పంపుతున్నా," అంది భర్తతో.

"ఏమిటి?"

"పరిశోధన ప్రపోజలు. మీ తమ్ముడి పెళ్ళాం ఒక్కతేనా మేధావి?"

"పంపు, పంపు. ముందు కాస్త టీ పంపు."

పంపింది. ఆ సదస్సులో ప్రపోజల్ నెగ్గినవాళ్ళకే వేదిక. దానికో పద్ధతుంది. ప్రపోజల్ మీద రాసినవాళ్ళ పేరుండకూడదు. పంపినవాళ్ళంతా ఇంకొకళ్ళవి చదివి, మార్కులు వేసి, లోటుపాట్లు రాయాలి. ఎవరిదో పోల్చుకుంటే మాత్రం చదవకుండా తిప్పి పంపెయ్యాలి.

మేడంకి రెండొచ్చాయి. మొదటిదానికి "బాగుంది, తీసుకోవచ్చు" అని రాసి పక్కన పడేసింది. రెండోది తెరిచి ఉలిక్కిపడింది. తరగతిలో చెయ్యెత్తని పిల్లల గురించి. వాళ్ళు నోరు విప్పకపోయినా చిత్తుకాగితాల్లో ఆలోచనలు దొరుకుతాయని. ఇదే కదూ, తోడికోడలు ఇన్నాళ్ళూ భోజనాల దగ్గర ఊదరగొట్టింది!

తిప్పి పంపాలి. పంపలేదు. చదివింది. బాగుంది. అదే బాధ. మళ్ళీ చదివింది. ఇంకా బాగుంది! ఇక తప్పు దొరికేదాకా వదలకూడదని, బియ్యంలో రాళ్ళేరినట్టు కూర్చుని ఏరింది. పక్కవాడి చిత్తుకాగితం చూసి రాసినవాణ్ణి ఎలా పట్టుకుంటారు? చెయ్యెత్తనిది భయంతోనా, విసుగుతోనా? అసలు ఏ తరగతి పిల్లలు? పేజీ నిండింది, రెండో పేజీ పట్టింది. పదికి రెండు వేసి హాయిగా నిద్రపోయింది. నచ్చినదాన్ని మెచ్చుకోడానికి ఒక్క ముక్క చాలు. కుళ్ళుకే కాగితాలు కావాలి.

ఫలితాలొచ్చాయి. మేడం ప్రపోజల్ తిరిగొచ్చింది. పైన పేరైతే తీసేసింది కానీ, లోపల "మా తోడికోడలు కాలేజీలో చేరకముందు నుంచే నేనీ పద్ధతి వాడుతున్నాను" అని రాసుకుంది. "కుటుంబ వివరాలు పరిశోధనకు అవసరం లేదు," అని చదివినవాళ్ళెవరో చురక వేశారు. తోడికోడలిదీ ప్రసంగానికి ఎక్కలేదు, పోస్టర్‌కి దిగింది. అంటే వరండాలో గోడకు తగిలించి పక్కన నిలబడాలి. మేడం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

అంతలో సదస్సు కార్యదర్శి ఫోను. "మేడం, ఇంత శ్రద్ధగా రివ్యూ రాసినవాళ్ళే లేరండీ! కొత్తవాళ్ళకి మీరే వేదిక మీద చెప్పాలి. మీ రివ్యూ తెరమీద వేస్తాం."

"తెరమీదా?"

"పేర్లుండవు లెండి."

ఇన్నాళ్ళకు వేదిక! కానీ పేరు లేకపోతే మాత్రం, తనను ఏకిన రాత తోడికోడలు పోల్చుకోదూ? మేడం తేలుకుట్టిన దొంగలా తిరిగి తిరిగి, చివరికి పైకెక్కింది.

"అమ్మాయ్, నీకా రెండు మార్కులూ వేసింది నేనే."

తోడికోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మీరా అక్కా? అది చదివి నేను బాత్రూంలో కూర్చుని ఏడ్చాను!"

"బుద్ధి గడ్డి తిన్నది. వేదికా వద్దు, ఏం వద్దు. రానని చెప్పేస్తా."

"ఏ వేదిక?"

చెప్పక తప్పలేదు. చిన్నావిడ ముఖం జేవురించింది. "ఓహో! నా ప్రపోజల్‌కి కారం పెట్టి మీరు మైకు పట్టుకుంటారు, నేను గోడపక్కన కాపలానా? బాగుందక్కా, చాలా బాగుంది! ఎక్కండి. ఎక్కి తీరాలి. నేను ముందువరసలో కూర్చుంటా."

అది బెదిరింపో దీవెనో మేడంకి అంతుపట్టలేదు.

సదస్సు రోజున తెరమీద రివ్యూ వెలిగింది. ముందువరసలో తోడికోడలు చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ చూపుకి మేడం కంఠస్థం చేసుకొచ్చిందంతా ఎగిరిపోయి, నిజం బయటపడింది. "ఇది ఎవరిదో నాకు తెలుసండీ. తిప్పి పంపాల్సింది. కుళ్ళుకుని చదివాను. అందుకే ఇంత శ్రద్ధ. మీరెవరూ ఇలా చెయ్యకండి." హాలంతా గొల్లుమంది. కార్యదర్శి ఒక్కడే నవ్వలేదు.

తోడికోడలు లేచింది. "ఆ ప్రపోజల్ నాదే. మార్కులు అన్యాయం, ప్రశ్నలు మాత్రం న్యాయం. వాటన్నిటికీ జవాబులు రాశాను. వరండాలో ఉన్నాయి, రండి!"

కుర్చీలు కిర్రుమన్నాయి. జనమంతా ఆవిడ వెంట పోయారు. మేడం మైకు పట్టుకుని, ఖాళీ హాలు మీదుగా మెడ సాచి చూసింది. పోస్టర్ చుట్టూ ఇసుక వేస్తే రాలడం లేదు.

"ఏమండీ," అంది కార్యదర్శితో, "వచ్చే ఏడు నాకు వేదిక వద్దు. ఒక గోడ ఇప్పించండి."