ఇందుజక్క మరిచిన టిఫిన్ డబ్బా

ఇందుజక్క మూడు నిమిషాలకు మించి ఒకచోట కూర్చోదు. లేచి వెళ్లేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోకుండా వెళ్లదు.

మేము బతుకుదెరువుకు వలస వచ్చిన డిండోలిలో మాది మొదటి అంతస్తు, మా పై గది ఆమెది. ప్రయోగశాలలో కణాలను పెంచుతుంది. అవి వెంట్రుక మందంలో వెయ్యో వంతు బుడగలు వదులుతాయట. దెబ్బతిన్న గుండెకు ఆ బుడగలు మేలు చేస్తాయేమో చూస్తోంది. రోజూ పొద్దున మా ఇంట్లో సగం చాయ్ తాగి, "కణాలకు మేత వేళైంది" అని పరుగు. ఆదివారమూ అంతే.

"పెండ్లి కాలేదు గని, ఇంటి నిండ పిల్లలున్నట్టు ఉరుకుతది" అనేది అమ్మ.

నాన్న సాంబయ్య కార్ఖానాలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, చీరల గుడ్డ నేసేవాడు. పోయిన ఏడు గుండెపోటు వచ్చింది. నేను తొమ్మిదో తరగతి మానేసి, చీరలకు రాళ్లు అంటించే పనిలో కూర్చున్నాను. డాక్టరు రోజూ నడవమన్నాడు. అడుగు వేస్తే గుండె జారి కింద పడుతుందన్నట్టు నాన్న మంచం వదల్లేదు.

"నీ బుడగలు నాకెప్పుడేస్తవ్ బిడ్డా?"

"ముందు ఎలుకలున్నాయి బాబాయ్. మీరు వరుసలో చాలా వెనక."

ఆ రోజే టిఫిన్ డబ్బా మా గడప దగ్గర మరిచిపోయింది. మెట్ల కింది నుంచి కేక: "బాబాయ్, డబ్బా!"

నేను లేచాను.

"నీ చేతుల జిగురు నా డబ్బాకు వద్దు. బాబాయ్‌నే రమ్మను."

నాన్న గొణుక్కుంటూ దిగాడు. వారం తర్వాత ఆ కేక గేటు నుంచి వచ్చింది. తర్వాత చాయ్ బండి నుంచి. రెండు నెలలకు బస్టాప్ నుంచి ఫోన్.

"కణాల కడుపు యాదికుంటది, తన కడుపు యాదికుండది. గీమె సైంటిస్టెట్లయింది?" అంటూ నాన్న చెప్పులు వేసుకునేవాడు.

నేను మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఒకరోజు డబ్బా తుడుస్తుంటే అడుగున అంటించిన చీటీ కనిపించింది. అక్క చేతిరాత. "మెట్లు: ఆయాసం ఉంది. గేటు: కొంచెం. చాయ్ బండి: లేదు. బస్టాప్: ఆయాసం లేదు, తిట్లు ఎక్కువ."

"నాన్నకు చెప్పకు" అంది అక్క. చెప్పలేదు.

పోయిన సోమవారం నాన్న మళ్లీ కార్ఖానాకు బయలుదేరాడు, నడిచే. వెళ్తూ అక్క చేతిలో డబ్బా పెట్టాడు. "నాకు తెలుగు చదవొస్తది బిడ్డా. మొదటి వారమే చదివిన."

అక్క డబ్బా తిరగేసింది. తన రాత కింద నాన్న వంకర అక్షరాలు: "ఇందుజ: ఆయాసం చాన ఉన్నది. ఉరుకుడు తగ్గియ్యాలె."

ఆ రోజు అక్క చాయ్ మొత్తం తాగింది. నిలబడే.